కుడి భుజం మునిరామయ్య

మా ఊళ్ళో ఇద్దరు మునిరామయ్యలు ఉన్నారు. ఒకాయన రేషన్ షాపు మునిరామయ్య. ఇంకొకాయన కుడి భుజం మునిరామయ్య. నేను చెప్పేది ఈ రెండో ఆయన సంగతి. వాళ్ళింటికీ మా ఇంటికీ నడుమ ఒకటే గోడ. ఆయన దగ్గితే మా ఇంట్లో వినిపిస్తుంది, మేము పోపు పెడితే వాళ్ళింట్లో తుమ్ముతారు. చుట్టరికం ఏమీ లేకపోయినా ఆయన్ని అన్నా అంటాను, ఆయన భార్య నాగులమ్మను వదినా అంటాను.

మాది కార్వేటినగరం పక్కన చిన్న ఊరు. చుట్టూ మామిడితోటలే. కాయల కాలంలో మునిరామన్న తోటల్లో కాయలు కోయించి, క్రేట్లు లారీకి ఎక్కిస్తాడు. అది కూటికోసం చేసే పని. ఆయన అసలు పని అది కాదు అని ఆయనే అంటాడు. ఏడాదికోసారి గంగమ్మ జాతరలో అమ్మవారి సింహవాహనాన్ని మొయ్యడమే ఆయన పని. మిగతా ఏడాదంతా ఆ సాయంత్రం కోసం ఎదురుచూడటమే.

మోసేవాళ్ళలో ఒక పద్ధతి ఉంది. తండ్రి ఏ భుజం మీద మోశాడో కొడుకూ ఆ భుజం మీదే మొయ్యాలి. భుజం మార్చుకోవడం లేదు. మునిరామన్న వాళ్ళ నాయన కుడి భుజం, అందుకని ఈయనా కుడి భుజమే. చిన్నప్పటి నుంచి మోసీ మోసీ ఆ భుజం మీద నిమ్మకాయంత కాయ కాసింది. క్రేట్లు కూడా ఆ భుజం మీదకే ఎత్తుకుంటాడు. ఎడమ భుజం మీద తుండుగుడ్డ తప్ప ఇంకేమీ వెయ్యడు.

"పెళ్ళయిన కొత్తల్లో ఆ కాయ సూసి భయపడినాను శకుంతలా," అని నాగులమ్మ వదిన ఇప్పటికీ నవ్వుతుంది. "మామా, ఇదేంది గడ్డ అంటే, ఇది గడ్డ కాదు, అమ్మ కూర్చునే పీట అన్నాడు."

అది మోసేవాళ్ళ మాట. వాహనం కింద ఉన్నప్పుడు ఎవరూ నొప్పి అనకూడదు. భుజం ఎంత మండినా 'అమ్మ కూర్చుంది' అనాలి. జాతర రోజుల్లో ఇంటి దగ్గర కూడా అదే మాట. నొప్పి అన్నవాణ్ణి మిగతావాళ్ళు ఏడాది పొడుగునా ఆటపట్టిస్తారు. మునిరామన్న అసలే నొప్పి చెప్పుకునే రకం కాదు. ఒకసారి అరికాల్లో మేకు దిగితే దాన్ని పీకి జేబులో వేసుకుని సాయంత్రం దాకా పని చేసి వచ్చాడు. మేకు మంచిది, పనికొస్తుంది అన్నాడంట.

ఇలాంటి మనిషి దొడ్డికి పోతే రక్తం పడుతోందని పెళ్ళానికి చెబుతాడా? చెప్పలేదు. నాగులమ్మ వదినే కనిపెట్టింది. ఆయన మొహం పాలిపోవడం చూసింది, క్రేటు ఎత్తి దించాక గోడకు ఆనుకోవడం చూసింది. ఒక రోజు తెల్లారి ఆయన వెనకే మరుగుదొడ్డి దాకా పోయి తలుపు కొట్టింది.

"నీళ్ళు పోయద్దు మామా. నేను సూడాల."

"సిగ్గులేదా నీకు?"

"నీకు లేని సిగ్గు నాకేంటికి? తలుపు తియ్యి."

చూసింది. ఆ పూట వాళ్ళ పొయ్యి వెలగలేదు. ఎందుకంటే మునిరామన్నకు అన్న ఒకాయన ఉండేవాడు. ఆయనకూ ఇలాగే రక్తం పడి, మొలలు అనుకుని ఆకుమందు తిని తిని, చివరికి పేగులో పుండు ముదిరిందని తేలేసరికి చెయ్యి దాటిపోయింది, మనిషి దక్కలేదు. ఆ ఇంటి తాళం చెవి ఇప్పుడు నాగులమ్మ వదిన దగ్గరే ఉంది, దీపం పెట్టి వస్తూ ఉంటుంది.

మరుసటి రోజే ఆయన్ని తిరుపతికి లాక్కుపోయింది. నన్నూ రమ్మంది. అక్కడ ఒక ఆసుపత్రిలో కడుపు డాక్టరమ్మ చూసింది, ప్రసన్నకుమారి అని. మెల్లగా మాట్లాడే మనిషి. వెనక నుంచి సన్నటి గొట్టం పంపి, దాని కొనకున్న కెమెరాతో పెద్దపేగంతా చూడాలంది. మునిరామన్న ముఖం చూడాలి మీరు.

"యాడనుంచి అన్నావు తల్లీ?"

డాక్టరమ్మ నవ్వకుండా మళ్ళీ చెప్పింది. ఆయన నాగులమ్మ వదిన వైపు తిరిగి, "ఈమెకు సెప్పు, నేను వాహనం మోసేవాణ్ణని," అన్నాడు.

"మోసేవాళ్ళకు పేగులుండవా?" అంది వదిన.

ఒప్పుకున్నాడు గానీ ఒక షరతు పెట్టాడు. జాతరకు కాపు కట్టే రోజు దగ్గర పడింది. కాపు అంటే, మోసేవాళ్ళ చేతికి పసుపు కంకణం కడతారు. అది కట్టించుకున్నవాడు జాతర ముగిసేదాకా ఊరి పొలిమేర బయట రాత్రి ఉండకూడదు. మా ఊళ్ళో ఇది చాలా గట్టి మాట. పిల్లల పరీక్షలున్నా, కోర్టు పనున్నా పొద్దు గూకేసరికి ఊళ్ళో ఉండాలి. అందుకని పరీక్ష కాపుకు ముందే అయిపోవాలి అన్నాడు. డాక్టరమ్మ చూసి చూసి, కాపుకు ముందు రోజు ఇచ్చింది.

పరీక్షకు ముందు పేగు శుభ్రం కావాలని ఒక పొడి నీళ్ళలో కలిపి తాగమన్నారు. బిందెడు నీళ్ళు. ఆ రాత్రి మా గోడ అవతల ఎవరికీ నిద్ర లేదు. ఆయన లోపలికీ బయటికీ తిరగడం, వదిన గ్లాసు పట్టుకుని వెనకే తిరగడం.

"ఇంగ నా వల్ల కాదుమే. నా కడుపులో పేగులు కూడా బయటికొచ్చేసినాయి."

"వస్తే రానీ, కడిగి పెడతాను. తాగు."

పరీక్ష బాగానే జరిగింది. డాక్టరమ్మ బయటికొచ్చి, "భయం లేదమ్మా. పులిపిరికాయ లాంటిది ఒకటి ఉంటే తీసేశాను, దాన్నుంచే రక్తం పడుతోంది. చూడటానికి చెడ్డదిగా లేదు, అయినా పరీక్షకు పంపుతాను. ఎడమ పక్క మలుపు దగ్గర పేగు కొంచెం బిగుసుకుని ఉండింది, గొట్టం పోవడానికి ఇబ్బంది పడింది. ఒకటి రెండు రోజులు కడుపుబ్బరం ఉండొచ్చు. దానికి మించి ఏది కొత్తగా అనిపించినా ఫోన్ చెయ్యండి. బరువులు ఎత్తద్దు," అంది.

బరువులు అనే మాట ఆయన విన్నాడో లేదో. చెడ్డది కాదు అనే మాట మాత్రం విన్నాడు. వదిన నన్ను పట్టుకుని ఏడ్చేసింది. అలిపిరి దగ్గర దిగి, మెట్ల మొదట్లో కొబ్బరికాయ కొట్టి, బస్సెక్కాం. పుత్తూరు దాటాక ఆయన ఒకసారి కడుపు పట్టుకున్నాడు. గాలి అన్నాడు. మేమూ గాలే అనుకున్నాం.

తెల్లారి గుడి దగ్గర కాపు. ఆ రోజు సాయంత్రమే వాహనం. మోసేవాళ్ళంతా తలస్నానాలు చేసి, పసుపు పంచెలు కట్టి వచ్చారు. పూజారి కుప్పుస్వామి ఒక్కొక్కరికీ కంకణం కడుతున్నాడు. మునిరామన్న కూడా కట్టించుకున్నాడు. అయితే మనిషి నిలకడగా లేడు. కట్టించుకున్న వెంటనే మండపం మెట్టు మీద కూర్చుండిపోయాడు.

మోసేవాళ్ళకు పెద్ద పెంచలయ్య. వాహనం మలుపు తిరిగేటప్పుడు కేక వేసేది ఆయనే. ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఏమప్పా, అట్ల ఉండావు?"

"భుజం గుంజుతా ఉండాది. రాత్రి నుంచి నిద్ర లేదు. పండుకుంటే ఇంకా జాస్తి."

"ఓరి నీ! అమ్మ కూర్చుండాది. ఈసారి పొద్దన్నే వచ్చేసింది నీ దగ్గరికి." పెంచలయ్యకు సంతోషం. చుట్టూ ఉన్నవాళ్ళంతా గంగమ్మ తల్లీ అని చేతులు జోడించారు. పెంచలయ్య నూనె గిన్నె తెప్పించి భుజం రుద్దడం మొదలుపెట్టాడు.

అప్పుడే నాగులమ్మ వదిన, నేను అంబలి చెంబు పట్టుకుని వచ్చాం. వదిన ఆగిపోయింది. రుద్దే చెయ్యి వంక చూసింది.

"పెంచలయ్యన్నా, ఏ భుజం రుద్దతా ఉండావు?"

"నొచ్చే భుజం. అమ్మ కూర్చుండాదిమ్మా, భయం లేదు."

"ఆయనది కుడి భుజం గదా?"

"అవును."

"నువ్వు రుద్దేది ఎడం భుజం."

పెంచలయ్య తన చెయ్యి ఎక్కడుందో చూసుకున్నాడు. ఎవరో నవ్వారు. "ఏముందక్కా, అమ్మ ఈసారి పక్క మార్చింది," అన్నాడు ఇంకొకడు.

వదిన నవ్వలేదు. "ఇన్నేండ్లుగా అమ్మ కుడి పక్కనే కూర్చునింది. ఆయన నాయన మీద కూడా కుడి పక్కనే. పీట వేసిన తావు వదిలి, ఏమీ లేని భుజం మీద ఏంటికి కూర్చుంటుంది? ఆ భుజం మీద ఈయన తుండుగుడ్డ తప్ప ఏమీ మొయ్యలే. అది ఏంటికి నొయ్యాల?"

పెంచలయ్య చెయ్యి తీసేశాడు. ఆమె చెంబు నాకిచ్చి, ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టింది. ఎండాకాలం పొద్దు, అందరికీ చెమటలే. కానీ ఆయన చెమట చల్లగా ఉంది. నేనూ ముట్టి చూశాను. బావి నీళ్ళలా ఉంది. పెదాలు తెల్లగా ఉన్నాయి.

"కడుపు ఎట్లుండాది మామా? అబద్ధం సెప్తే ఈడనే అరుస్తాను."

"ఎడం పక్క పైన... కొంచెం బిగపట్టినట్లు. గాలిమే."

వదిన ఇంక ఆయనతో మాట్లాడలేదు. ఫోన్ తీసి డాక్టరమ్మకు చేసింది. నేను పక్కనే ఉన్నాను, స్పీకర్ లో వినిపించింది.

"అమ్మా, నిన్న నీ దగ్గరికి వచ్చినాం, వాహనం మోసేవాళ్ళం..."

"గుర్తుంది, చెప్పండి."

"ఆయనకు భుజం నొప్పి. చల్లటి చెమట. నిలబడలేకుండా ఉండాడు."

"ఏ భుజం?"

"ఎడంది తల్లీ."

డాక్టరమ్మ గొంతు మారింది. "ఇప్పుడే బయల్దేరండి. ఏమీ తినిపించద్దు, తాగించద్దు. నడిపించద్దు. భుజం ఎవరూ రుద్దద్దు, పొట్ట అసలు ముట్టుకోవద్దు. నేను ఆసుపత్రిలోనే ఉంటాను."

నా చేతిలో అంబలి చెంబు అలాగే ఉండిపోయింది.

నొప్పి ఒక పక్క, మొండితనం ఒక పక్క. మునిరామన్న కదలనన్నాడు. "కంకణం కట్టినానుమే. తిరుపతికి పోతే రాత్రికి రానిస్తారా? పొలిమేర దాటి ఆడ పండుకుంటే నేను మోసినదంతా ఏమైపోతుంది? వాహనం అయినాక పోదాం. రేపు పొద్దన్నే."

"రేపు పొద్దన్నే నువ్వుండాల గదా."

"నోరు మూసుకో. అమ్మ సూసుకుంటుంది."

పెంచలయ్య మెల్లగా అన్నాడు, "కట్టిన కంకణం ఇప్పడం అంత సుళువు కాదమ్మా."

మా ఊళ్ళో కట్టిన కంకణం నడుమ ఇప్పడానికి ఒకే ఒక దారి ఉంది. ఇంట్లో చావు జరిగి మైల వస్తే పూజారి ఇప్పి, వాహనం కొయ్య మీద ఆ మనిషి పట్టే చోట కడతాడు. మనిషి బయటికి పోయినా కంకణం ఊళ్ళో అమ్మ దగ్గరే ఉంటుంది. అలా కట్టించుకున్నవాళ్ళను నేను చూశాను. అంతా మొహం మీద గుడ్డ కప్పుకుని ఏడుస్తూ వచ్చినవాళ్ళే. అందుకే ఆ మాట జాతర నాడు ఎవరూ నోట అనరు.

నాగులమ్మ వదిన నేరుగా కుప్పుస్వామి ముందుకు పోయి నిలబడింది.

"సామీ, మా ఆయన కంకణం ఇప్పి కొయ్యకు కట్టండి."

మండపంలో అందరూ ఒక్కసారి అదిరిపడ్డారు. ఒక ముసలావిడ చెవులు మూసుకుంది. "ఏం మాటమ్మా అది! మైల ఇంట్లోవాళ్ళు అడిగే మాట గదా," అన్నాడు కుప్పుస్వామి.

"తెలుసు సామీ."

"మీ ఇంట్లో మైల లేదు గదా."

"మైల వచ్చేదాకా ఆగమంటారా? వచ్చినాక నేను ఈ మాట అడగడానికి వస్తాను, ఆయన రాడు. ఇప్పుడు ఇప్పితే మళ్ళీ ఏడు ఆయన చేతికే కట్టచ్చు. అమ్మకు మోసేవాడు కావాలా, వద్దా? అడిగి సెప్పండి."

గుడి లోపలికి వేలు చూపించింది. ఏడవలేదు. గొంతు పెంచలేదు. కుప్పుస్వామి గర్భగుడి వైపు చాలాసేపు చూశాడు. తర్వాత ఆయన లేచి, పసుపు నీళ్ళు చెంబు తీసుకుని మునిరామన్న దగ్గరికి వచ్చాడు.

"వద్దు సామీ," అన్నాడు మునిరామన్న. చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు. లాక్కునే బలం లేదు ఆయనకు. అది ఆయనకే తెలిసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ మనిషి కళ్ళలో నీళ్ళు నేను చూడటం అదే మొదలు.

"గమ్మునుండప్పా," అన్నాడు కుప్పుస్వామి. "నీ పెళ్ళాం అమ్మనే నిలదీసింది. నేనెంత, నువ్వెంత?"

కంకణం ఇప్పి, సింహవాహనం కుడి కొయ్య మీద, లోపలి మూల దగ్గర కట్టాడు. మునిరామన్న భుజం పెట్టే చోటు అదే. పెంచలయ్య, ఇంకో ఇద్దరు కలిసి ఆయన్ని పిల్లాడిని ఎత్తుకున్నట్టు ఎత్తి ఢిల్లీబాబు కార్లో పడుకోబెట్టారు. ఢిల్లీబాబు మా ఊళ్ళో బాడుగ కారు నడుపుతాడు. పడుకోబెడితే భుజం నొప్పి ఎక్కువై కేక వేశాడు. అందుకని వదిన తన ఒడికి ఆనించి, కొంచెం ఎత్తుగా పట్టుకుంది.

పొలిమేర రాయి దగ్గర ఆయన కళ్ళు తెరిచి తన మణికట్టు చూసుకున్నాడు. పసుపు మరక తప్ప ఏమీ లేదు.

"యాడుండాదిమే?"

"కొయ్య మీద. నువ్వు దాటినా అది దాటలేదు. ఢిల్లీబాబూ, ఇంగ తొక్కు నాయనా."

ఢిల్లీబాబు వడమాలపేట దాకా హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

ఆసుపత్రి గుమ్మంలో డాక్టరమ్మ స్ట్రెచర్ పెట్టించి నిలబడి ఉంది. బీపీ చూశారు, బాగా పడిపోయింది. రక్తం తీశారు, సెలైన్ పెట్టారు, స్కానింగ్ కు తీసుకుపోయారు. కాసేపటికి డాక్టరమ్మ వచ్చి మా ఇద్దరినీ కూర్చోబెట్టింది. మునిరామన్న మంచం పక్కనే, ఆయనకూ వినిపించేలా చెప్పింది.

"పొట్టలో ఎడమ పక్క, పక్కటెముకల కింద ప్లీహం అని ఒకటి ఉంటుంది. మన ముసలివాళ్ళు బల్ల అంటారు. అది చిట్లింది. పొట్టలోకి రక్తం కారుతోంది. ఆ రక్తం పైకి చేరి గుండెల కింద పొరకు తగిలితే నొప్పి ఎడమ భుజంలో తెలుస్తుంది. భుజంలో ఏమీ లేదు."

"ఎట్లా చిట్లింది తల్లీ? దెబ్బ తగల్లేదు గదా," అంది వదిన.

డాక్టరమ్మ ఆమె ముఖంలోకి సూటిగా చూసింది. "నిన్న నేను చేసిన పరీక్ష వల్లే అమ్మా. ఎడమ మలుపు దగ్గర పేగు ఆ ప్లీహానికి ఒక పొరతో అంటుకుని ఉంటుంది. గొట్టం మలుపు తిరిగేటప్పుడు ఆ పొర లాగింది. చాలా చాలా అరుదు. పుస్తకంలో చదివాను, నా చేతుల్లో జరగడం ఇదే మొదటిసారి. మీ దగ్గర దాచను."

నేను కోపం వస్తుందనుకున్నాను వదినకు. రాలేదు. మంచం మీద నుంచి మునిరామన్నే మాట్లాడాడు, గొంతు సన్నగా.

"మలుపు కాడనా అమ్మా?"

"అవును."

"మా ఊళ్ళో వాహనం తిరిగే మిల్లు మలుపు మాదిరిగా ఉండాదే." మా వైపు చూశాడు. "వాహనం మలుపు తిరిగేటప్పుడు బయటోళ్ళు నడుస్తారు, లోపలి మూలోడు నిలబడతాడు. బరువంతా ఆ మూల తాడు మింద పడుతుంది. తెగితే ఆడనే తెగుతుంది. అందుకే మేము మలుపుకు ముందు తాడు తడుపుతాం."

డాక్టరమ్మకు ఒక నిమిషం పట్టింది అర్థం కావడానికి. తర్వాత తలూపింది. "అలాంటిదే. ఇప్పుడు ఆ తాడు కట్టడానికి కుదరదు, రక్తం ఆగడం లేదు. ప్లీహం తీసేయాలి. అది లేకుండా మనిషి బతకొచ్చు."

"మళ్ళీ మొయ్యచ్చునా?"

"ముందు బతకండి," అంది డాక్టరమ్మ. అప్పుడు వదిన నవ్వింది. ఆ రోజంతా అదొక్కసారే.

రక్తం కావాలన్నారు. నేనిచ్చాను, ఢిల్లీబాబు ఇచ్చాడు. సర్జన్ కృష్ణమూర్తి సార్ వచ్చి లోపలికి తీసుకుపోయాడు. వదిన తలుపు ఎదురుగా నేల మీద కూర్చుంది. కుర్చీ ఉంది, కూర్చోలేదు. వాహనం బయల్దేరే వేళయింది. ఊళ్ళో డప్పులు మొదలై ఉంటాయి. వదిన ఫోన్ మోగింది. పెంచలయ్య.

"ఎట్లుండాడమ్మా?"

"కోస్తా ఉండారు. మీరు లేపినారా?"

"లేపబోతా ఉండాం. ఆయన చోటులో మనిషిని పెట్టలేదు. కంకణమే ఉండాది. మేమే కొంచెం దగ్గర జరిగి పట్టుకుంటాం." గొంతు తగ్గించి అన్నాడు, "నాగులమ్మా, నేను రుద్దతానే ఉండేవాణ్ణి సాయంత్రం దాకా."

"తాడు తడపండన్నా," అంది వదిన. "మలుపు కాడ జాగ్రత్త."

అక్కడ వాహనం మలుపు తిరిగిన వేళకే ఇక్కడ కృష్ణమూర్తి సార్ బయటికొచ్చాడని చెబితే కథలా ఉంటుంది. అలా జరగలేదు. వాహనం ఎప్పుడో గుడికి చేరింది, మేము ఇంకా ఆ తలుపు దగ్గరే ఉన్నాం. చివరికి సార్ వచ్చి, "పొట్ట నిండా రక్తం ఉండింది. ఆగిపోయింది. ఇంకొంచెం ఆలస్యమై ఉంటే నేను చెయ్యగలిగింది ఉండేది కాదు," అన్నాడు. వదిన రెండు చేతులూ జోడించి, అలాగే గోడకు ఒరిగి నిద్రపోయింది.

ఇంటికి వచ్చాక ఆపరేషన్ కంటే ఆయన్ని కాపలా కాయడమే పెద్ద పని అయింది. పొట్ట మీద నిలువుగా కుట్లు. కొన్ని నెలలు చెంబు కంటే బరువు ఎత్తద్దన్నారు. ప్లీహం ఒంట్లోకి వచ్చే క్రిములతో కొట్లాడే సిపాయి లాంటిదంట. అది లేదు కాబట్టి కొన్ని టీకాలు వేశారు. జ్వరం వస్తే ఇంట్లో కషాయం, మాత్ర అని కూర్చోకూడదు, అప్పటికప్పుడు ఆసుపత్రికి రావాలి అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. పులిపిరి మాత్రం మంచిదే అని తేలింది. ఆ రోజు వదిన ఆ పోయిన అన్నగారి ఇంట్లో దీపం పెట్టి, కాసేపు ఎక్కువ కూర్చుంది.

మునిరామన్నకు ఇంట్లో ఉండటం చేతకాదు. గోడ అవతల రోజూ గొడవే.

"ఒక్క క్రేటుమే. ఖాళీ క్రేటు."

"ఖాళీదైతే ఎత్తడమేంటికి?"

"భుజం మరిచిపోతుంది."

"మరిచిపోనీ. నేను గుర్తు చేస్తాను."

నడవగలిగిన రోజు ముందుగా గుడికి పోయాడు. వాహనశాలలో సింహం మీద గుడ్డ కప్పి ఉంది. కొయ్య మీద ఆయన కంకణం అలాగే ఉంది. జాతర అయ్యాక మిగతా అందరివీ ఇప్పి బావిలో వేశారు, ఇది ఎవరూ ముట్టలేదు. పసుపు వెలిసి తెల్లబడింది. కుప్పుస్వామి ఇప్పమంటావా అన్నాడు. ఉండనీ అన్నాడు ఈయన.

ఏడాది గడిచింది. డాక్టరమ్మ, సార్ ఇద్దరూ చూసి, మోయొచ్చు అన్నారు. ఆయన భుజం కాయ మీద రోజూ నూనె రాసుకున్నాడు. మళ్ళీ జాతర వచ్చింది, మళ్ళీ కాపు కట్టారు. కంకణం కట్టించుకుని ఇంటికొచ్చి, అందరికీ చెయ్యి చూపించాడు. నాకూ గోడ మీద నుంచి చూపించాడు.

మధ్యాహ్నం వదిన గోడ దగ్గరికి వచ్చింది. ముఖం బాగాలేదు.

"శకుంతలా, అన్నం వద్దన్నాడు. ఒళ్ళు కాలతా ఉండాది అనిపించింది. జ్వరం సూసే గాజుపుల్ల కోసం లోపలికి పోయి వచ్చేసరికి మనిషి లేడు. గుడికే పొయినాడు. ఎట్లన్నా వాహనం మోసేయాలని దాక్కునేదానికి పొయినాడు."

ఇద్దరం పరుగెత్తాం. దారిలోనే వదిన తిట్లు మొదలుపెట్టింది, వాళ్ళ నాయన దగ్గర నుంచి ఎవర్నీ వదల్లేదు. గుడి దగ్గర మోసేవాళ్ళు తాళ్ళు కడుతున్నారు. మునిరామన్న కనిపించలేదు. వదిన కుప్పుస్వామి దగ్గరికి పోయింది.

"సామీ, యాడ దాచినారు ఆయన్ని?"

కుప్పుస్వామి ఏమీ అనకుండా కుడి కొయ్య చూపించాడు. లోపలి మూల దగ్గర, వెలిసిపోయిన పాత కంకణం పక్కన, పచ్చగా తడి ఆరని కొత్త కంకణం కట్టి ఉంది.

"ఆయనే వచ్చి చెయ్యి చాపినాడు," అన్నాడు కుప్పుస్వామి. "ఇప్పు సామీ, జ్వరం వచ్చింది అన్నాడు."

పెంచలయ్య తాడు వదిలి రోడ్డు వైపు వేలు పెట్టి చూపించాడు. ఢిల్లీబాబు కారు బయటికి తిరిగి నిలబడి ఉంది. వెనక సీట్లో మునిరామన్న దుప్పటి కప్పుకుని, వణుకుతూ, తలుపు తెరిచి పట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"ఏమ్మే, ఎంతసేపు?" అన్నాడు. "డాక్టరమ్మకు ఫోన్ చేసినాను. ఎక్కు."

వదిన ఎక్కి కూర్చుంది. కారు కదిలాక ఆయన తల కిటికీలోంచి బయటికి పెట్టి కేక వేశాడు.

"పెంచలయ్యా! తాడు తడపండప్పా! ఆడ నేను లేను!"